సరిగ్గా సరిపోయింది

అద్దాల తలుపు ఎవరూ తొయ్యకుండానే దానంతట అదే తెరుచుకునేసరికి అత్త రెండడుగులు వెనక్కి వేసింది. "నేనేం ముట్టుకోలేదమ్మా" అంది, ఎవరూ అడక్కుండానే.

లోపల నుంచి చల్లగాలి వచ్చి ముఖానికి తగిలింది. ఆరు గంటలు బస్సులో కూర్చుని వచ్చిన ఒళ్ళు, ఆ చల్లదనానికి ఒక్కసారి బిగుసుకుంది. అత్త వెనక నిలబడ్డ పిల్ల చేతిలోని ప్లాస్టిక్ కవరును గుండెకు ఆనించుకుంది.

ఆ పిల్లకి ఇంట్లో పేరు బుడంకాయ. నాలుగేళ్ళ కిందట నాన్న ఈ ఊరు పనికి వచ్చినప్పుడు ఆ పేరుకు తగ్గట్టే ఉండేది. పొట్టిగా, గుండ్రంగా, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉండేది. ఇప్పుడు బళ్ళో అందరూ కరెంటు స్తంభం అంటున్నారు. ఏ పేరుతో పిలిచినా ఆ పిల్ల పలికేది మాత్రం తక్కువే. నోటిదాకా వచ్చిన మాట పళ్ళ దగ్గర ఆగి, మళ్ళీ లోపలికే వెళ్ళిపోయేది.

కవరులో ఒక దరఖాస్తు ఉంది. మడత పడకుండా, కొత్త చొక్కాలోంచి తీసిన అట్టకి ఆనించి పెట్టింది అమ్మ. దాని మీద నాన్న సంతకం కావాలి, సోమవారం లోపల. ఈ షాపింగ్ మాల్ నుంచి పది నిమిషాలు నడిస్తే ఒక బడి ఉంది, దానికి హాస్టలుంది. మార్కులు చూసి సీటు ఇస్తామన్నారు. నాన్న సరేనంటే వచ్చే రెండేళ్ళూ పిల్ల నాన్న ఉన్న ఊళ్ళో చదువుతుంది. వద్దంటే ఇంటి దగ్గర బళ్ళోనే.

నాన్న ఫోన్లో ఇప్పటికి మూడుసార్లు వద్దన్నాడు. "అంత పిల్లని హాస్టల్లో ఎలా పడేస్తామే? నీళ్ళ బకెట్టు మొయ్యగలదా? అలమరలో పై అర అయినా అందుతుందా దానికి?" అని అమ్మని కేకలేశాడు. ఆ మాటలు వినపడుతున్నప్పుడు పిల్ల అటక మీది డబ్బాని దించుతోంది. స్టూలు లేకుండానే.

నాన్న తప్పేం లేదు. తప్పంతా ఇంట్లోనే జరిగింది.

నాన్న ఇక్కడ పెద్ద బట్టల షాపులో బొమ్మలకి బట్టలు తొడుగుతాడు. అద్దాల వెనక నిలబెట్టే నిలువెత్తు బొమ్మలు. ఆరు నెలలకోసారి పిల్లకో గౌను కొని బస్సు పార్సిల్లో పంపుతాడు. ఆయన చివరిసారి ఇంటికి వచ్చి ఏడాదిన్నర దాటింది. వెళ్ళిన నెల తర్వాత నుంచి పిల్ల ఎదగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చిన గౌను చేతుల దగ్గర పట్టేసింది. అమ్మ గుమ్మంలో నిలబడి గౌనుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత ముచ్చటపడి పంపాడో పాపం. సరిపోయిందని చెప్పు. లేకపోతే మనసు కష్టపెట్టుకుంటాడు" అంది. పిల్ల ఫోను ముందు గౌనుని మెడకి ఆనించుకుని, "సరిగ్గా సరిపోయింది నాన్నా" అంది. ఫోన్లో కనపడేది ముఖమేగా. ఆ తర్వాతి గౌను సగం దాకా కూడా దిగలేదు. దానికీ అదే మాట. మూడోదాన్ని వేసుకుని చూడకుండానే ఆ మాట అనేసింది. మూడూ పక్కింటి పిల్ల వేసుకుని తిరుగుతోంది.

ఎప్పుడూ నోరు విప్పని పిల్ల తడుముకోకుండా అనగలిగిన మాట అదొక్కటే. సరిగ్గా సరిపోయింది.

"ఆ షాపు రెండో అంతస్తులోనట" అంది అత్త. కదిలే మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. కిందికి వంగి చూసింది. "దీనికి పళ్ళున్నాయే!"

"అత్తా, వెనకవాళ్ళు ఆగారు."

"ఆగనీ. వాళ్ళకేం, రోజూ ఎక్కేవాళ్ళు." అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది, కళ్ళు మూసుకుంది, పిల్ల మోచెయ్యి గట్టిగా దొరకబుచ్చుకుని కాలు వేసింది. పైకి చేరాక కళ్ళు తెరిచి, "ఇంతేనా!" అంది. "దిగేటప్పుడు నేనే ముందు దిగుతా చూడు."

అత్త ఊరికే తోడు రాలేదు. ఆమెకీ ఒక పని ఉంది. ఆమె కుక్కరు వాషరు సాగిపోయింది, ఆ సైజు ఊళ్ళో ఎక్కడా దొరకలేదు. "ఇంత పెద్ద బిల్డింగులో కుక్కరు వాషరు ఉండదా" అని బస్సెక్కిన దగ్గర్నుంచీ అంటూనే ఉంది. మొదటి అంతస్తులోనే గడియారాల షాపులో ఒకసారి అడిగింది. ఆ అబ్బాయి చాలా మర్యాదగా లేదన్నాడు.

షాపు దొరికింది. గోడంతా అద్దమే. అద్దం వెనక ఏడెనిమిది బొమ్మలు, ఒక్కోటీ ఒక్కో తీరుగా నడుం మీద చెయ్యి వేసుకుని ఎవర్నీ చూడకుండా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య, చెప్పులు లేకుండా, మేజోళ్ళతో, నేల మీద మోకరిల్లి ఒక మనిషి బొమ్మ లంగా అంచుకి గుండుసూదులు గుచ్చుతున్నాడు. మెడలో కొలత టేపు వేలాడుతోంది. పెదాల మధ్య నాలుగైదు సూదులు కరిచి పట్టుకున్నాడు. నడినెత్తిన జుట్టు పలచబడింది.

నాన్న.

అత్త ఇంకా పక్క షాపు దగ్గరే ఉంది, అక్కడి గిన్నెలు చూస్తూ. పిల్ల ఒక్కతే అద్దం దగ్గరికి వెళ్ళింది. ఎంత దగ్గరికంటే, ఊపిరికి అద్దం మసకబారింది. ఏడాదిన్నర ఎదురుచూసిన మనిషి చేతికందేంత దూరంలో ఉన్నాడు. అద్దం మీద వేలితో కొట్టాలా వద్దా అని తేల్చుకోలేక అలాగే నిలబడింది.

నాన్న తల ఎత్తాడు. చూశాడు. పిల్ల నవ్వబోయింది.

ఆయన మర్యాదగా తల వంచి, ఖాళీగా ఉన్న చేతిని షాపు గుమ్మం వైపు చాపాడు. లోపలికి వెళ్ళండి, లోపల చూపిస్తారు అన్నట్టు. నోట్లో సూదులున్నాయి కాబట్టి మాట రాలేదు గానీ, ఆ చేతి సైగలో 'అండి' ఉంది. మళ్ళీ తల దించుకుని అంచు పని చేసుకోసాగాడు.

పిల్ల నవ్వు సగంలోనే ఉండిపోయింది. నాన్న తనని తిట్టాడు, ఎత్తుకున్నాడు, ఒకసారి చెవి కూడా మెలేశాడు. 'అండి' అనడం మాత్రం ఇదే మొదటిసారి.

"ఒరేయ్ తమ్ముడూ!" అత్త గొంతు వెనక నుంచి మోగింది. అద్దం ఉందనైనా చూడకుండా అరిచింది. ఆ గొంతుకి అద్దమొక లెక్కా. నాన్న ఉలిక్కిపడి లేవబోయి, బొమ్మ మోచేతికి తల కొట్టుకున్నాడు. సూదులు అరచేతిలో ఉమ్మేశాడు. పక్కనున్న చిన్న తలుపు తీసుకుని, మేజోళ్ళతోనే బయటికి పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా! ఎప్పుడొచ్చావు? చెప్పా పెట్టకుండా..." అంటూ పిల్ల వైపు తిరిగాడు. ఆగిపోయాడు. "ఇది..."

"ఇదేంటిరా ఇది? నీ కూతురు. దార్లో ఎక్కడా మార్చలేదు, అదే సరుకు."

నాన్న చూపు పిల్ల ముఖం మీద నుంచి పాదాల దాకా దిగింది. మళ్ళీ పైకి వచ్చింది. "ఎత్తు చెప్పులు వేసుకున్నావా అమ్మలూ?"

పిల్ల తన కాళ్ళ వైపు చూసుకుంది. అరిగిపోయిన పలచటి హవాయి చెప్పులు. ఆయనకీ కనపడుతూనే ఉన్నాయి.

"ఒక్క అరగంట, భోజనం టైము వాడుకుంటా" అని నాన్న మేనేజరుకి చెప్పి లోపలికి తీసుకెళ్ళాడు. అత్త లోపలికి రాలేదు. "మీరూ మీరూ మాట్లాడుకోండి. పై అంతస్తు ఒకటి మిగిలింది, అది కూడా చూసొస్తా" అని వాషరు వేటకి వెళ్ళిపోయింది.

షాపు లోపల, బట్టలు వేసుకుని చూసుకునే గదుల ముందు ఒకావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. ఎవరెన్ని బట్టలు లోపలికి తీసుకెళ్తే అన్ని బిళ్ళలు చేతిలో పెట్టడం ఆవిడ పని.

"మా అమ్మాయి" అన్నాడు నాన్న.

"ఏ అమ్మాయి మాస్టారూ?"

"ఎన్నుంటారు? ఒక్కటేగా. బుడంకాయ."

ఆవిడ పిల్లని చూసింది, తర్వాత షాపు మూలకి చూసింది, తర్వాత పడీ పడీ నవ్వింది. "బుడంకాయ అక్కడుంటే, మరి ఈవిడెవరు?"

మూలలో ఒక చిన్నపిల్ల బొమ్మ ఉంది. పదకొండేళ్ళ సైజని దాని పాదం దగ్గర రాసి ఉంది. బొద్దు బుగ్గలు, ముక్కు చివర కాస్త పెచ్చు ఊడింది. ఒంటి మీద పచ్చ గౌను.

"నాలుగేళ్ళ నుంచీ చూస్తున్నా" అంది ఆవిడ పిల్లతో. "ఆ బొమ్మని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వరు మీ నాన్న. పొద్దున్నే వచ్చి దాని ముఖం తుడిచాకే మిగతా బొమ్మల పని. మీకు పంపే గౌన్లన్నీ ముందు దానికే తొడిగి చూస్తారు. ఏం బుడంకాయా, బావుందా అని అడుగుతారు. మేమంతా దాన్ని బుడంకాయనే అంటాం."

నాన్న సిగ్గుపడి టేపుని వేలికి చుట్టుకున్నాడు.

పిల్ల బొమ్మ వైపు చూసింది. దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. బొమ్మ మీద ఉక్రోషమేంటని తనకే అనిపించింది, అయినా మండింది. తను రోజూ పొద్దున లేచి నాన్న ఏ పని చేస్తూ ఉంటాడో ఊహించుకునేది. టీ తాగుతున్నాడేమో, బస్సెక్కుతున్నాడేమో అని. ఆ సమయంలో ఇది హాయిగా ముఖం తుడిపించుకుంటూ ఉందన్నమాట. నాన్న చేతులకి దగ్గరగా, తన పేరుతో, ఎదగకుండా.

నాన్న బొమ్మ ఒంటి మీది ఆ పచ్చ గౌను విప్పి తెచ్చాడు. "నెల కిందటే తీసి పెట్టా. వేసుకుని చూడు."

"ఈ అమ్మాయికా మాస్టారూ?" అంది స్టూలు మీదావిడ, నవ్వు ఆపి.

"మొన్న పంపింది సరిగ్గా సరిపోయిందంది. అదీ ఇదీ ఒకే కొలత. ఇదీ సరిపోవాలిగా మరి." ఆయన కళ్ళకంటే కొలతనే నమ్మే మనిషి. ఆ నమ్మకంతోనే గౌనుని చాపాడు.

ఆవిడ పిల్ల చేతిలో ఒక బిళ్ళ పెట్టింది.

గది చిన్నది, మూడు వైపులా అద్దాలు. ఇంట్లో ఉన్న అద్దంలో పిల్లకి ఎప్పుడూ ముఖం వరకే కనపడేది. ఇప్పుడు ఒక్కసారిగా ముగ్గురు పొడుగాటి ఆడపిల్లలు ఎదురొచ్చి నిలబడ్డారు. నాన్న 'అండి' అన్నది వీళ్ళనా అనుకుంది. ఒక్క క్షణం తప్పు ఆయనది కాదనిపించింది.

వేసుకున్న బట్టల మీదే గౌను తల మీదుగా దింపింది. తల దూరింది. భుజాల దగ్గర ఆగిపోయింది. లాగితే ఎక్కడో పటుక్కున కుట్టు తెగిన చప్పుడు. చేతులు పైకెత్తి, ముఖం గౌను లోపల ఉండిపోయి, కిందికీ దిగక పైకీ రాక పిల్ల అలాగే నిలబడిపోయింది. లోపలంతా పచ్చగా కనపడుతోంది. కొత్త బట్ట వాసన.

బయట నుంచి నాన్న గొంతు వచ్చింది. "సరిపోయిందా అమ్మలూ?"

ఆ మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. పిలవకుండానే వచ్చి కూర్చుంది. అనేస్తే అయిపోతుంది. గౌను మడిచి కవర్లో పెట్టుకోవచ్చు. నాన్న సంతోషపడతాడు. అప్పుడు తను మళ్ళీ బుడంకాయ అయిపోతుంది. బకెట్టు మొయ్యలేని, పై అర అందని బుడంకాయ. అంత చిన్నపిల్లకి ఎవరు మాత్రం హాస్టలుకి సంతకం పెడతారు?

తలుపు గడియ చేతికి దొరకడానికి చాలాసేపు పట్టింది. గౌను అలాగే తల మీద, చేతులు గాల్లో ఉండగా, మోచేత్తో తలుపు తోసి బయటికి వచ్చింది.

"అయ్యో!" అంది స్టూలు మీదావిడ.

"పట్టలేదు నాన్నా" అంది పిల్ల, గౌను లోపల నుంచే. ముఖం కనపడకపోవడం వల్లేనేమో, మాట ఆగకుండా వచ్చింది. "ఇదొక్కటే కాదు. మొన్నటిదీ పట్టలేదు. దాని ముందుదీ, దాని ముందుదీ. నువ్వు బాధపడతావని చెప్పలేదు. అన్నీ పక్కింటి పిల్ల వేసుకుంటోంది."

రెండు చేతులు గౌను అంచు పట్టుకుని, చిరగకుండా, జుట్టు లాగకుండా, నెమ్మదిగా పైకి తీశాయి. బొమ్మలకి రోజూ తీసే చేతులు. ముఖం బయటపడేసరికి నాన్న ఎదురుగా ఉన్నాడు. ఆయన కళ్ళలోకి చూడ్డానికి పిల్ల తల ఎత్తాల్సిన పని లేకపోయింది.

ఆయన మెడలో టేపు తీశాడు. ఒక భుజం నుంచి ఇంకో భుజానికి పెట్టి చూశాడు. మళ్ళీ పెట్టాడు, మొదటిసారి తప్పు చూశానేమో అన్నట్టు. మెడ నుంచి నడుం దాకా కొలిచాడు. మణికట్టు దాకా కొలిచాడు. నేల దాకా టేపు వదిలి, మోకాళ్ళ మీద కూర్చుని, పాదం దగ్గర అంకె చూశాడు. లేవలేదు.

"ఇది పెద్దవాళ్ళ సైజు" అన్నాడు కింద నుంచే.

"ఊఁ."

"ఎప్పుడు ఎదిగావమ్మా?"

పిల్ల నెలలు లెక్కపెట్టబోయింది. ఒకరోజని లేదుగా.

"పక్కింటి పిల్లకి బావుంటున్నాయా?" అని అడిగాడు.

"బావుంటున్నాయి. పసుపు రంగుది బడికి కూడా వేసుకొస్తుంది."

"పోనీలే" అన్నాడు నాన్న. నవ్వబోయాడు, కుదరలేదు.

షాపు వెనక సరుకు దించుకునే సన్నటి దారిలో అట్టపెట్టెల మీద కూర్చున్నారు ఇద్దరూ. నాన్న తన భోజనం డబ్బా తెరిచి పిల్ల ముందు పెట్టాడు, తను తినలేదు. పిల్ల కవరులోంచి దరఖాస్తు తీసింది.

ఆయనకి అది ఏమిటో చూడకుండానే తెలుసు. "చిన్నదానివనే వద్దన్నా" అన్నాడు. "ఇప్పుడు ఆ మాట అనడానికి లేదు. కానీ అమ్మలూ, నువ్విక్కడికి వచ్చినా నేనేం కనపడతాను? పొద్దున లోపలికి వస్తే దీపాలు పెట్టాకే బయటపడేది. నీకు సెలవున్న రోజున ఇక్కడ జనం విరగబడతారు, నాకు ఊపిరాడదు. నాకు సెలవు రెండు వారాలకో మంగళవారం. ఉండేది నలుగురం కలిసి ఒక్క గదిలో, అక్కడికి నువ్వు రాకూడదు. దగ్గరుండీ చూసుకోలేకపోతే, దూరంగా ఉన్నదానికంటే అదే ఎక్కువ బాధ."

పిల్ల అన్నం మెతుకుల్ని వేలితో ఒకచోటికి చేర్చింది. "మంగళవారం బడి నాలుగింటికి వదిలేస్తారట" అంది.

"నెలకి రెండు మంగళవారాలమ్మా."

"ఇంటి దగ్గరైతే అవీ లేవుగా."

ఆ ఒక్క మాట అనడానికి ఆరు గంటలు బస్సులో ప్రయాణం చేసి వచ్చినట్టుంది. అన్నాక ఇంకేమీ మిగల్లేదు. తల దించుకుని కూర్చుంది.

నాన్న కాగితం తీసుకున్నాడు. అట్టపెట్టె మీద పెట్టుకుని మొదటి నుంచీ చదివాడు, ఒక్కో గడి మీదా వేలు పెట్టి. అమ్మ రాసినవన్నీ సరిచూశాడు. ఒకచోట వేలు ఆగింది. "పుట్టుమచ్చలు రెండు రాయమంటే ఒకటే రాసిందేంటి మీ అమ్మ?"

"ఎడమ మోచెయ్యి కింద ఒకటుంది. రెండోది ఎంత వెతికినా దొరకలేదు."

"ఎందుకు దొరకలేదు? మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట. కుడివైపుకి కొంచెం. నువ్వుగింజంత." రాసేశాడు, చూడకుండానే. "నిన్ను భుజాన వేసుకుని నిద్రపుచ్చేవాణ్ణిగా. నా కళ్ళ ముందు ఎప్పుడూ అదే ఉండేది."

పిల్ల జడ కింద చెయ్యి పెట్టుకుంది. పదిహేనేళ్ళుగా తన ఒంటి మీదే ఉన్నది, తనకి తెలియనిది.

ఆయన కింద సంతకం పెట్టాడు. పొడుగైన సంతకం, చివర గీత గడి దాటి పోయింది. కాగితాన్ని మళ్ళీ అట్టకి ఆనించి కవర్లో పెట్టాడు. "బళ్ళు ఎప్పుడు తెరుస్తారు?"

"ఏడు వారాలకి."

"మంగళవారం ఎక్కడ కూర్చుందాం? ఇక్కడ మాత్రం వద్దు. ఈ లైట్లకి నాకు తలనొప్పి" అన్నాడు. పిల్ల ఏదో ఒక చోటు చెప్పేలోగా లోపల నుంచి మేనేజరు "మాస్టారూ!" అని పిలిచాడు. అరగంట ఎప్పుడో దాటిపోయింది. నాన్న లేచి నిలబడి, పిల్ల తల మీద చెయ్యి వెయ్యబోయాడు. చెయ్యి అలవాటైన ఎత్తు దగ్గరకే వెళ్ళి, భుజానికి తగిలింది. అక్కడే ఒక్క క్షణం ఉంచి, వెళ్ళిపోయాడు.

అత్త వాషరు లేకుండానే వచ్చింది. "నాలుగంతస్తుల షాపట, పేరు గొప్ప!" అని తిట్టుకుంటూ దిగే మెట్ల దగ్గర మాట తప్పకుండా తనే ముందు కాలు వేసింది.

బస్సులో కిటికీ సీటు పిల్లకిచ్చింది అత్త. ఊరు దాటుతుంటే ఎండ పక్క నుంచి పడుతోంది. కవరు ఒళ్ళో ఉంది. ఏడు వారాలంటే నలభై తొమ్మిది రోజులు. అందులో మంగళవారాలు ఏడు. ఆ ఏడింటిలో కొన్ని నాన్నకి సెలవులే. ఆ రోజుల్లో ఆయన ఏం చేస్తాడో, ఎక్కడ కూర్చుంటాడో అడగనే లేదు. అడగాల్సినవి ఇంకా చాలా గుర్తొస్తున్నాయి ఇప్పుడు, ఒకదాని వెనక ఒకటి.

జడ ముందుకి వేసుకుని, మెడ వెనక వేలితో తడుముకుంది. కుడివైపుకి కొంచెం. జుట్టు మొదలయ్యే చోట. చర్మం నున్నగా ఉంది, వేలికి ఏమీ తగలడం లేదు. ఇంకోసారి తడిమింది.

"ఏమే, మెడ పట్టేసిందా?" అంది అత్త.

ఉందో లేదో చూసి చెప్పమంటే అత్త చిటికెలో చూసి చెప్పేది. పిల్ల అడగలేదు, నాన్న చూడకుండానే రాశాడుగా.

"ఊఁ" అంది, చెయ్యి తియ్యకుండా.